ఏ పాత కూర్పుకి?

తారీఖ్ అనే మాటకి ఉర్దూలో రెండర్థాలు. తేదీ అని ఒకటి, చరిత్ర అని ఒకటి. తెలుగులోకి ఆ మాట సగమే వచ్చింది. కోర్టు తారీఖు, పెళ్లి తారీఖు, జీతం తారీఖు అంటాం. చరిత్ర అనే రెండో సగం గడప బయటే ఉండిపోయింది. ఈ నేల మీద సాయిబుల బతుకు కూడా ఇంచుమించు అంతే. లెక్కలకి పనికొచ్చారు, కథలోకి వచ్చేసరికి బయట నిలబడ్డారు.

ఆ రెండర్థాలూ మళ్లీ కలిసిన తావు ఒకటుంది. తెలుగు వికీపీడియాలో ఏ పేజీ తెరిచినా పైన 'చరిత్ర' అనే మాట కనిపిస్తుంది. దాన్ని నొక్కితే వచ్చేది చార్మినార్ చరిత్రో మొహర్రం చరిత్రో కాదు, ఆ పేజీ చరిత్ర. ఏ తారీఖున, ఎన్ని గంటలకు, ఎవరు, ఏం మార్చారో వరసగా ఉంటుంది. ప్రతి మార్పుకీ ముందు పేజీ ఎట్లా ఉందో ఆ రూపం అట్లాగే దాచి ఉంటుంది. ఆ దాచిన రూపాన్ని అక్కడ 'కూర్పు' అంటారు. ఎవరైనా పేజీని పాడు చేస్తే వెనకటి కూర్పుని తెచ్చి పైన పెట్టొచ్చు. ఒకసారి నొక్కితే చాలు.

కంప్యూటర్ల వాళ్ల సంగతి మనకెందుకు, అస్తిత్వం గురించి రాసుకునే పుస్తకంలో దీనికేం పని అని అడగొచ్చు. పని ఉంది. ఈ దేశాన్ని పాత కూర్పుకి తిప్పాలనే మాట ఇప్పుడు గట్టిగా వినపడుతోంది. ఊళ్ల పేర్లు తిప్పాలి, పాఠ్యపుస్తకాలు తిప్పాలి, భాషని తిప్పాలి, చివరికి మనుషుల్నే తిప్పాలి. అట్లా తిప్పేటప్పుడు మధ్యలో చెరిగిపోయేది ఎవరు? అది తెలియాలంటే ముందు ఆ తిప్పడమనే పని ఎట్లా పుట్టిందో, ఏ షరతుల మీద నడుస్తుందో చూడాలి.

1

వార్డ్ కనింగ్‌హామ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 1995 మార్చి 25న ఒక వెబ్‌సైటు తెరిచాడు. చదివేవాడే రాయొచ్చు, ఒకరు రాసింది ఇంకొకరు దిద్దొచ్చు అన్నది దాని పద్ధతి. హొనలులు విమానాశ్రయంలో తిరిగే బస్సు పేరు మీద దానికి వికీవికీవెబ్ అని పేరు పెట్టాడు. హవాయి భాషలో వికీ అంటే త్వరగా అని అర్థం. ఎవడు పడితే వాడు దిద్దితే పేజీ నాశనం కాదా అనే భయం మొదట్నుంచీ ఉంది. దానికి దొరికిన జవాబు చాలా తేలికైంది. తలుపుకి తాళం వెయ్యక్కర్లేదు, పాడు చెయ్యడం కంటే బాగు చెయ్యడం సులువుగా ఉంటే చాలు. వెనకటి రూపం భద్రంగా ఉంటే, పాడు చేసేవాడికి గంట పట్టిన పనిని బాగు చేసేవాడు క్షణంలో సరిదిద్దుతాడు.

2001 జనవరి 15న వికీపీడియా మొదలైంది. దాని తొలి సాఫ్ట్‌వేర్ పాత కూర్పుల్ని శాశ్వతంగా దాచేది కాదు, కొంతకాలం ఉంచి పారేసేది. దాంతో ఆ తొలి నెలల చరిత్ర చాలా మటుకు పోయిందనే అనుకున్నారు. 2010 డిసెంబర్‌లో అక్కడ పనిచేసే టిమ్ స్టార్లింగ్‌కి 2001 ఆగస్టు నాటి పాత బ్యాకప్ దొరికింది. పోయిందనుకున్న తొలి దిద్దుబాట్లు అందులో ఉన్నాయి. ప్రపంచంలోని చరిత్రలన్నీ రాస్తానని బయల్దేరిన పుస్తకం తన పుట్టుక చరిత్రనే దాదాపు పోగొట్టుకుంది. దాచాలన్న బుద్ధి ముందే ఉండాలి, తర్వాత వస్తే లాభం లేదు. మన ఇళ్లల్లో పాత సనదులు, ఇనాం కాగితాలు చెదలు తిన్నాక మనకు తెలిసొచ్చిందీ ఇదే.

2002లో సాఫ్ట్‌వేర్ మారాక ప్రతి కూర్పూ నిలవడం మొదలైంది. తెలుగు వికీపీడియా పుట్టింది 2003 డిసెంబర్‌లో. 2004లో ఐబీఎం పరిశోధకులు ఫెర్నాండా వియేగాస్, మార్టిన్ వాటెన్‌బర్గ్, కుశల్ దవే ఈ పేజీల చరిత్రల్ని రంగుల పటాలుగా గీసి చూశారు. పేజీ మొత్తాన్ని ఎవరో తుడిచేసిన సందర్భాల్లో సగం మూడు నిమిషాల లోపే బాగుపడ్డాయని తేల్చారు.

ఈ మూడు నిమిషాలు మైనారిటీలకు ఎంత విలువైనవో ఒక ఉదాహరణ చెప్తాను. 2022 సెప్టెంబర్ 4న దుబాయిలో ఆసియా కప్ మ్యాచ్. పాకిస్తాన్ మీద ఆడుతూ అర్ష్‌దీప్ సింగ్ ఒక క్యాచ్ వదిలేశాడు. వెంటనే ఎవరో అతని వికీపీడియా పేజీలో భారత్ అని ఉన్నచోట ఖలిస్తాన్ అని రాశారు. పావుగంటలో ఆ రాతని వెనక్కి తిప్పేశారు. రాసిన తారీఖు, తిప్పిన తారీఖు రెండూ చరిత్రలో ఉన్నాయి. భారత ప్రభుత్వం కూడా వికీపీడియా వాళ్లని సంజాయిషీ అడిగింది. అంతకు ముందు సంవత్సరం, 2021 అక్టోబర్ 24న, అదే దుబాయిలో భారత జట్టు పాకిస్తాన్ చేతిలో పది వికెట్ల తేడాతో ఓడింది. ఆ ఓటమికి పదకొండు మందిలో మహమ్మద్ షమీ ఒక్కడే దొరికాడు. ద్రోహి అన్నారు, పాకిస్తాన్ పొమ్మన్నారు. కెప్టెన్ విరాట్ కోహ్లీ అతని పక్షాన మాట్లాడాడు, మంచిదే. కానీ ఆ తిట్లని తిప్పే మీట ఎక్కడుంది? పేజీ మీద పడ్డ మరకకి వెనకటి కూర్పు ఉంది. మనిషి మీద పడ్డ మరకకి లేదు.

2

ఇప్పుడు అసలు కిటుకు చూద్దాం. వెనక్కి తిప్పడం అంటే కాలం వెనక్కి పోవడం అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఒక పేజీకి పది కూర్పులున్నాయనుకోండి. ఎనిమిదో కూర్పుకి తిప్పారు. అప్పుడు తొమ్మిదీ పదీ మాయం కావు. ఎనిమిదో దాన్ని పోలిన పదకొండో కూర్పు ఒకటి కొత్తగా పుడుతుంది. దాని పక్కన తిప్పినవాడి పేరు, తిప్పిన తారీఖు పడతాయి. అంటే తిప్పడం కూడా ఒక దిద్దుబాటే. పాతదాన్ని తెచ్చానని చెప్పేవాడు కూడా నిజానికి ఇవాళ కొత్తగా ఏదో రాస్తున్నవాడే. ఆ రాతకి అతనే బాధ్యుడు.

ఈ పనికి కొన్ని కట్టుబాట్లున్నాయి. ప్రతి కూర్పునీ దాచాలి. ప్రతి మార్పు కిందా చేసినవాడి గుర్తు ఉండాలి. పేచీ వస్తే పక్కనున్న 'చర్చ' పేజీలోకి వెళ్లి అందరి ముందూ మాట్లాడుకోవాలి. ఒకడు తిప్పడం, రెండోవాడు మళ్లీ తిప్పడం ఇట్లా సాగితే దాన్ని దిద్దుబాటు యుద్ధం అంటారు. దాన్ని ఆపడానికి ఇంగ్లీషు వికీపీడియా 2004లో ఒక నియమం పెట్టుకుంది. ఒకే పేజీలో ఇరవై నాలుగు గంటల్లో మూడుసార్లకు మించి తిప్పకూడదు. మించితే నిర్వాహకులు ఆ మనిషిని కొంతకాలం ఆపేస్తారు.

ఈ నియమానికి ఒక మినహాయింపు ఉంది. మన కథకి తాళంచెవి అదే. అవతలివాడు చేసింది పచ్చి దుశ్చర్య అయితే ఎన్నిసార్లయినా తిప్పొచ్చు, లెక్క లేదు. దుశ్చర్య అంటే కావాలని పాడు చెయ్యడం, పేజీలో బూతులు రాయడం, మొత్తం తుడిచెయ్యడం లాంటిది. కాబట్టి పేచీలో దిగినవాడికి ఒక ఉపాయం తోస్తుంది. అవతలివాడి మాటకి జవాబు చెప్పే శ్రమ ఎందుకు? అది దుశ్చర్య అని ముద్ర వేస్తే సరి. అందుకే అభిప్రాయభేదాన్ని దుశ్చర్య అనకూడదని అక్కడి నియమాల్లోనే గట్టిగా రాసుకున్నారు.

ఈ దేశ చరిత్ర పేజీలో మనకు పడ్డ ముద్ర సరిగ్గా ఇదే. మొదట స్వచ్ఛమైన కూర్పు ఒకటుందట. మధ్యలో కొందరు వచ్చి ఏడెనిమిది వందల ఏళ్లపాటు దాన్ని పాడు చేశారట. ఇప్పుడు తిప్పి బాగు చేస్తారట. ఈ వాదంలో మనం ఒక కూర్పు కూడా కాదు, దుశ్చర్య మాత్రమే. గోరీలు, గుమ్మటాలు, పేర్లు, తినే తిండి అన్నీ తుడవాల్సిన పిచ్చిరాతలే.

3

సరే, వాళ్ల మాటే ఒప్పుకుని ఒక ఊరి చరిత్ర పేజీ తెరుద్దాం. ఔరంగాబాద్ తీసుకుందాం. అది మనకు పరాయి ఊరు కాదు. 1763లో నిజాం అలీ రాజధానిని హైదరాబాద్‌కి మార్చేదాకా ఆసఫ్ జాహీల రాజధాని అదే. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది.

అడుగు కూర్పు: ఖడ్కీ అనే పల్లె. 1610లో మలిక్ అంబర్ అక్కడ నగరం కట్టాడు. ఇథియోపియాలో పుట్టి, బానిసగా చేతులు మారి, దక్కన్‌కి వచ్చి, అహ్మద్‌నగర్ నిజాంషాహీలకు పేష్వా అయిన హబ్షీ అతను. ఊరికి నీళ్ల కోసం అతను తవ్వించిన భూగర్భ కాలువని ఇప్పటికీ నహర్-ఎ-అంబరీ అంటారు. రెండో కూర్పు: 1626లో అతని కొడుకు ఫతే ఖాన్ పెట్టిన ఫతేనగర్. మూడో కూర్పు: 1653లో దక్కన్ సుబేదారుగా ఉన్న ఔరంగజేబు తన పేరు మీద పెట్టుకున్న ఔరంగాబాద్. 1988లో బాల్ ఠాక్రే దాన్ని సంభాజీనగర్ అని పిలవడం మొదలుపెట్టాడు. 2023లో ఛత్రపతి సంభాజీనగర్ అని అధికారికంగా మారింది.

దీన్ని పాత కూర్పుకి తిప్పడం అంటారా? తిప్పితే ఖడ్కీ రావాలి, లేకపోతే ఫతేనగర్ రావాలి. సంభాజీనగర్ అనే పేరు ఆ వరసలో 1988కి ముందు లేదు. అది కొత్త దిద్దుబాటు. పెట్టుకోదలిస్తే పెట్టుకోవచ్చు. సంభాజీని 1689లో ఔరంగజేబు చంపించాడు, ఆ గాయం మరాఠాల గుండెల్లో ఉంది, దాన్ని కాదనడానికి మనకేం హక్కు? కానీ కొత్త రాతని పాత కూర్పు అని చెప్పడం ఒక అబద్ధం. ఆ అబద్ధంలో ముందు చెరిగిపోయింది ఔరంగజేబు కాదు, మలిక్ అంబర్. ఢిల్లీ మొఘలుల్ని ఏళ్ల తరబడి దక్కన్ గడప దగ్గర నిలబెట్టినవాడు. 1624లో భాత్‌వాడి యుద్ధంలో అతని పక్షాన కత్తి పట్టిన వాళ్లలో షాహజీ భోంస్లే ఉన్నాడు. ఆ షాహజీ కొడుకు శివాజీ, మనవడు సంభాజీ. తాతా, తాతకి సేనానీ అయిన హబ్షీ సాయిబూ కలిసి ఉన్న కూర్పు ఎవరికీ అక్కర్లేదు. హిందూ ముస్లిం రెండు గదులుగా విడగొట్టిన కూర్పే కావాలి.

ఈ ఔరంగాబాద్ పేరునే తనకు గుర్తుగా పెట్టుకున్న కవి వలీ. ఉర్దూ కవితకి దక్కనీ మట్టి వాసన అద్దినవాడు. 1707లో అహ్మదాబాద్‌లో చనిపోతే అక్కడే గోరీ కట్టారు. 2002 గుజరాత్ మారణకాండలో ఆ గోరీని కూల్చి, ఆ చోటు మీద తారు రోడ్డు వేసేశారు. వెబ్ పేజీలో వాక్యం తుడిచినా ఎవరు తుడిచారో గుర్తు మిగుల్తుంది. తారు రోడ్డుకి చరిత్ర పేజీ లేదు.

మన హైదరాబాద్ సంగతీ చూద్దాం. 2020 నగరపాలక ఎన్నికల ప్రచారానికి వచ్చిన ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి యోగి ఆదిత్యనాథ్ దీన్ని భాగ్యనగరం చేస్తామన్నాడు. ఆ పేరు వెనకున్న కథ భాగమతిది. ఫెరిష్తా లాంటి పాత పారశీక చరిత్రకారులు భాగ్‌నగర్ అని రాశారు. హారూన్ ఖాన్ షేర్వానీ భాగమతి కథని ఒప్పుకోలేదు. నరేంద్ర లూథర్ ఒప్పుకున్నాడు. ఇది చర్చ పేజీలో జరగాల్సిన మంచి చర్చ, జరిగింది కూడా. అయితే ఒక విషయం గమనించండి. భాగమతి కథ నిజమనుకున్నా, ఆ కథలో ఆమెని ప్రేమించి 1591లో నగరం కట్టినవాడు ముహమ్మద్ కులీ కుతుబ్ షాయే. ఆమె పేరు ఉంచి అతని పేరు తీసేస్తే ఆ కథే నిలవదు. ఈ నగరానికి సాయిబు లేని పాత కూర్పు వెతికినా దొరకదు.

మామూలు జనానికి ఈ గొడవ లేదు. 1890లో మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద పాలమూరు మహబూబ్‌నగర్ అయింది. ఆర్డరు మారింది గానీ జనం నాలుక మారలేదు. కాగితం మీద మహబూబ్‌నగర్, వలసకూలీల కష్టం చెప్పేటప్పుడు పాలమూరు. నిజామాబాద్ అన్న నోరే ఇందూరు అంటుంది. అట్లాగే మచిలీపట్నం వాళ్లు తమ ఊరిని బందరు అంటారు. బందర్ అంటే పారశీకంలో రేవు. బందరు లడ్డూ తినేవాళ్లెవరూ ఆ మాట మతం అడగలేదు. జనం రెండు కూర్పుల్నీ ఒకేసారి బతికించుకుంటారు. ఒకటే ఉండాలని పట్టుబట్టేది రాజ్యం.

4

భాషని తిప్పుదాం అనేవాళ్లు కూడా ఉన్నారు. పరభాషా కల్మషం తీసేసి స్వచ్ఛమైన తెలుగుకి వెళ్లాలంటారు. వెళ్లి చూద్దాం. మొట్టమొదట పోయేది రైతు. ఆ మాట అరబ్బీ 'రయ్యత్' నుంచి వచ్చింది. తర్వాత హక్కు పోతుంది, అది 'హఖ్' నుంచి వచ్చింది. జిల్లా, వకీలు, ఫిర్యాదు, జామీను, వసూలు, బాకీ, ఖర్చు, దుకాణం, బజారు, జవాబు అన్నీ ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోతాయి. చివరికి ఈ సంగతి రాసుకుందామంటే కాగితం పారశీకం, కలం అరబ్బీ. రైతూ హక్కూ లేని తెలుగు ఎవరికి కావాలి?

ఇందులో ఇంకో తమాషా ఉంది. తెలుగులో తొలి అచ్చతెలుగు కావ్యం పొన్నగంటి తెలగనార్యుడి యయాతి చరిత్ర. సంస్కృతం మాటలు తీసేసి దేశి మాటలతోనే కావ్యం రాయాలన్న ఆ పట్టుదలకి అండగా నిలిచి, కృతి తీసుకున్నవాడు అమీన్ ఖాన్, ఇబ్రహీం కుతుబ్ షా కాలపు అధికారి. తెలుగు కవులు ఆ ఇబ్రహీంని మల్కిభరాముడని తమ నోటికి తిప్పుకుని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరుడు తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. అచ్చమైన తెలుగు అనే కూర్పుకి వెనక్కి వెళ్లినా అక్కడ ఒక ఖాన్‌గారు కూర్చుని కావ్యం వింటున్నాడు. మనల్ని దాటి వెనక్కి పోవడం అంత తేలిక కాదు.

5

తుడిచెయ్యడం ఒక పద్ధతి. దాచి చూపించకపోవడం ఇంకో పద్ధతి. వికీపీడియాలో కొన్ని కూర్పుల్ని నిర్వాహకులు మామూలు పాఠకుడికి కనపడకుండా కప్పేస్తారు. మనుషుల ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు, నిందలు లాంటివి అట్లా కప్పుతారు. కారణం ఉంది కాబట్టి న్యాయమే. రాజ్యం కూడా కప్పుతుంది. కారణం మటుకు చెప్పదు.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. పోలీసు చర్య అన్నారు. అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాత పల్లెల్లో ముస్లింల మీద జరిగిన హత్యలు, దోపిడీలు, మానభంగాల గురించి విచారించడానికి నెహ్రూ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను పంపింది. వాళ్లు 1948 నవంబర్, డిసెంబర్ నెలల్లో ఊరూరూ తిరిగారు. ఎంత తగ్గించి లెక్కేసినా ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది చనిపోయారని నివేదిక ఇచ్చారు. ప్రభుత్వం దాన్ని ప్రచురించలేదు. ఢిల్లీలోని నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో ఆ నివేదికను చూడొచ్చన్న సంగతి లోకానికి పెద్దయెత్తున తెలిసింది 2013లో. అరవై అయిదేళ్లు! కూర్పు ఉంది, చూసే మీట లేదు. ఆ అరవై అయిదేళ్లూ మన నానీలు, దాదీలు ఆ సంగతి గొంతు తగ్గించి చెప్పారు. విన్న పిల్లలకు కూడా అది కట్టుకథలాగే అనిపించింది.

ఇక్కడ మన వైపు నుంచి కూడా నిజాయితీగా మాట్లాడాలి. ఆ పేజీలో రజాకార్లు చేసిన ఘోరాలున్నాయి. తగలబెట్టిన ఊళ్లున్నాయి. వాటిని కప్పిపెట్టి ఒక్క సుందర్‌లాల్ నివేదికనే పైకి తెస్తే మనం చేసేదీ అదే తప్పుడు తిప్పుడు. అట్లాగే రజాకార్లని చూపించి ముస్లింలంతా ఇంతే అనేవాళ్లు, ఆ రజాకార్ల చేతుల్లోనే 1948 ఆగస్టులో చచ్చిపోయిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని తుడిచేస్తున్నారు. నిజాం రాజ్యాన్ని ఎదిరించి సాయుధ పోరాటానికి పాట అయిన మఖ్దూం మొహియుద్దీన్‌ని తుడిచేస్తున్నారు. నిజాం కూడా ముస్లిమే, మఖ్దూం కూడా ముస్లిమే. రెండు కూర్పులూ ఉంటేనే పేజీ అర్థమవుతుంది.

సెప్టెంబర్ 17 అనే ఒక్క తారీఖు మీద ఎన్ని దిద్దుబాట్లు జరిగాయో చూడండి. కొందరికి విమోచనం, కొందరికి విలీనం, కొందరికి విద్రోహం. 2022లో కేంద్ర ప్రభుత్వం విమోచన దినం జరిపితే, అదే రోజు రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం జరిపింది. 2024లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ప్రజాపాలన దినోత్సవం అంది. నిజమైన దిద్దుబాటు యుద్ధం. కానీ ఈ యుద్ధంలో చర్చ పేజీ తెరిచినవాళ్లు తక్కువ. ఆ రోజుల్లో మొగుణ్ణి, కొడుకుల్ని పోగొట్టుకున్న ముస్లిం ఆడది ఆ తారీఖుని ఏమని పిలుస్తుందో అడిగినవాళ్లు ఇంకా తక్కువ.

6

చివరికి మనుషుల్ని తిప్పే సంగతి. 2014 డిసెంబర్‌లో ఆగ్రాలో కొన్ని పేద ముస్లిం కుటుంబాలని హోమం ముందు కూర్చోబెట్టి ఘర్ వాపసీ అన్నారు. ఇంటికి తిరిగిరావడం అని దానర్థం. అంటే ఇప్పుడున్నది ఇల్లు కాదన్నమాట. మీ ముత్తాత కూర్పే అసలు మీరు, మధ్యలో వచ్చిందంతా పొరపాటు అని చెప్పడం. సరే, ఆ ముత్తాత ఇంటికి వెళ్తే ఏ గదిలో పెడతారు? ఏ వాడలో పెడతారు? ఏ కులంలోకి తిప్పుతారు? ఏ బావిలో నీళ్లు తోడనివ్వక అతను ఆ ఇల్లు వదిలాడో, ఆ బావి కథ కూడా చరిత్ర పేజీలో ఉంది. దాన్ని చదవకుండా మీట నొక్కమంటే ఎట్లా?

మన ఇంట్లోనూ మీట పట్టుకున్నవాళ్లున్నారు. పీర్ల పండుగ తప్పంటారు, దర్గా తప్పంటారు, ఉర్సు తప్పంటారు, తెలుగు మాట్లాడే దూదేకుల సాయిబు సగం ముస్లిమంటారు. మొదటి కాలపు శుద్ధ రూపానికి తిరిగి వెళ్లాలంటారు. ఇస్లాంలోకి కొత్తగా వచ్చినవాళ్లని కొందరు ఇంగ్లీషులో 'రివర్ట్' అనే పిలుస్తారు, తిరిగొచ్చినవాడు అని. నమ్మకంగా అది వాళ్ల హక్కు, పేచీ లేదు. కానీ మన బతుకులోని కూర్పులన్నిటినీ బిద్అత్ అని ముద్ర వెయ్యడమూ, వాళ్లు మనల్ని దుశ్చర్య అనడమూ ఒకే చేతివాటం. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పీరు లేచినప్పుడు కిందపడి మొక్కే రెడ్డీ, కురుబా, మాదిగా ఏ కూర్పు? సాయిబులు ఒక్క ఇల్లు కూడా లేని తెలంగాణ పల్లెల్లో పీర్లని ఎత్తుకునేవాళ్లు ఏ కూర్పు? నెల్లూరులో, గుంటూరులో మస్తాన్‌రావులున్నారు, మస్తానమ్మలున్నారు, హుసేనయ్యలున్నారు. మస్తాన్‌రావుని తిప్పాలంటే మస్తాన్‌ని ఎటు తిప్పుతారు, రావుని ఎటు తిప్పుతారు?

మన ఉలమాలకు ఒక మాట మనవి. పేజీ చరిత్ర అనే విద్య మన దగ్గర వెయ్యేళ్ల కిందే ఉంది. ఏ హదీసుకైనా రెండు భాగాలు. ఒకటి మతన్, అంటే మాట. రెండోది సనద్, అంటే ఆ మాట ఎవరు ఎవరి దగ్గర విన్నారో చెప్పే గొలుసు. గొలుసులోని ప్రతి మనిషి ఎక్కడివాడు, ఎట్లాంటివాడు, జ్ఞాపకం గట్టిదా కాదా అని విచారించి రాసిన గ్రంథాలు ఒక శాస్త్రమే అయ్యాయి. బలహీనమైన హదీసుని కూడా వాళ్లు తగలబెట్టలేదు. బలహీనమైందని పక్కన రాసి ఉంచారు, తర్వాత వచ్చేవాడు చూసుకుంటాడని. అంత ఓపిక చూపించిన వారసత్వం మనది. దూదేకుల ముసలమ్మ తెలుగులో చేసిన దువాకి కూడా ఒక సనద్ ఉంది. దాన్ని తెంచకండి.

7

మనం అడిగేదేమిటి? నిజాం కాలానికో కుతుబ్ షాహీ కాలానికో తిప్పమని మనం అడగడం లేదు. ఆ కూర్పుల్లోనూ మనలో ఎక్కువమంది దూదేకులే, కటికెలే, కూలీలే. నవాబుల కూర్పు మనది అనుకుంటే అదీ ఇంకొకరి పాత కూర్పే. పేర్లు మార్చొద్దని కూడా మనం అనడం లేదు. బతికున్న పేజీ మారుతుంది.

మనం అడిగేది చిన్నవి, కానీ వదలలేనివి. మార్చినవాడు తన సంతకం పెట్టాలి. పాత కూర్పు తెచ్చానని చెప్పకుండా, నేనివాళ కొత్తగా రాస్తున్నానని ఒప్పుకోవాలి. కిందటి కూర్పులన్నీ చదవగలిగేట్టు ఉంచాలి, మలిక్ అంబర్‌తో సహా, సుందర్‌లాల్ నివేదికతో సహా, షోయబుల్లా ఖాన్‌తో సహా. మార్చే ముందు చర్చ పేజీ తెరవాలి, అందులో మన మాటకి చోటుండాలి. మన మాట నచ్చకపోతే జవాబు చెప్పాలి గానీ దుశ్చర్య అని ముద్ర వెయ్యకూడదు.

మన వంతు పని కూడా ఉంది. దాచడం. ఊరి పేరు మారకముందు ఆ పేరుతో వచ్చిన ఉత్తరాలు, పాత రేషన్ కార్డులు, దర్గా ముజావరు దగ్గరున్న సనదులు, దాదీమా నోట్లోని 1948, అషుర్‌ఖానా గోడ మీద వెలిసిపోయిన రాతలు. ఎక్కడ ఎవరి దగ్గర దొరికిందో, ఏ తారీఖున రాసుకున్నామో పక్కన రాసి మరీ దాచాలి. వికీపీడియా వాళ్లకి తమ మొదటి పేజీలు దొరికింది ఎవరో ఒకరు 2001లో ఒక నకలు తీసి పెట్టడం వల్లే. తీసిన రోజున అది ఎందుకు పనికొస్తుందో వాళ్లకీ తెలియదు. తెలుగులోకి సగమే వచ్చిన తారీఖ్ అనే మాటకి రెండో సగాన్ని తెచ్చేది ఆ నకళ్లే.